నొప్పి లేదు, కిరణం లేదు, బొమ్మ బ్రహ్మాండం

"ఈ రోజు నుంచి ఈ గడ్డ మీద ఏ ఆడపడుచుకూ నొప్పి కలగదు, కిరణం సోకదు, బొమ్మ మాత్రం అద్దంలా వస్తుంది! ఇది నేను మీకిస్తున్న మాట!" అని మంత్రి యోగానంద గారు మా ఊరి సర్కారు ఆసుపత్రి ఆవరణలో ప్రకటించగానే షామియానా కింద ఉన్నవాళ్ళమంతా లేచి నిలబడ్డాం. గౌరవంతో కొందరు లేచారు. కుర్చీలు ఇంకో మీటింగుకు కావాలని సప్లయర్ మనుషులు లాక్కుంటుంటే కొందరు లేచారు. నేను రెండింటికీ లేచాను.

మా ఊరి పేరు మీకెందుకు లెండి. పుత్తూరు దాటాక, నగరి ఇంకా రాకముందు, ఒకచోట బస్సు ఊరికే ఆగుతుంది. అదే మా ఊరు.

మంత్రిగారు ఏ శాఖకు మంత్రి అని కూడా అడక్కండి. మూడేళ్ళలో మూడు శాఖలు మారాయి. ఆయన మాత్రం మారలేదు. ఏ శాఖ ఇచ్చినా ఒకే ఉపన్యాసం ఇవ్వగల సమర్థుడు. ఆ రోజు ఆయన ప్రారంభించిన మిషను పేరు మామోగ్రఫీ. ఆడవాళ్ళ రొమ్ములో గడ్డ ఉంటే, చేతికి తగలకముందే బొమ్మలో చూపిస్తుందట. రెండు పలకల మధ్య పెట్టి నొక్కి, ఎక్స్‌రే తీస్తారు. గంటసేపు మాట్లాడినా మంత్రిగారు రొమ్ము అన్న మాట ఒక్కసారి కూడా అనలేదు. "ఆ ప్రాంతం" అన్నారు. అంత మర్యాదస్తుడు.

ఆయనకు జనాన్ని అడిగి చెప్పించే అలవాటుంది.

"నొప్పి ఉంటాదా?"

"ఉండదూ!" అన్నారు ఆడవాళ్ళంతా.

"కిరణం ఉంటాదా?"

"ఉండదూ!"

"బొమ్మ చూస్తారా?"

"చూస్తాం!"

మా నియోజకవర్గం ఆడవాళ్ళకు ఈ విద్యలో మంచి తర్ఫీదు ఉంది. ప్రశ్న చివర స్వరం పైకి లేస్తే చాలు, జవాబు అందరి నోటా ఒకేసారి వస్తుంది. ప్రశ్న ఏమిటన్నది తర్వాత ఇంటికి పోయి ఆలోచించుకుంటారు.

నేను అక్కడ ఎందుకున్నానంటే, ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో రోగుల ప్రతినిధిని. బీపీ మాత్రల కోసం రోజూ వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాను గనుక నన్నే వేసుకున్నారు. పైగా నాకు సంతకం బాగా వచ్చు. చదివింది ఐదో తరగతే అయినా, మా అయ్యవారు చెవి మెలిపెట్టి నేర్పిన సంతకం. తీర్మానం ఎంత గొప్పదైనా కింద నా సంతకం పడితేనే దానికి కళ.

ఇంకో కారణం మా చెల్లెలు సుబ్బులమ్మ. నగరిలో పవర్‌లూమ్ మగ్గాల మీద పని చేస్తుంది. కుడి రొమ్ములో చింతగింజంత గట్టిగా ఏదో తగులుతోందని మా ఇంటావిడతో చెప్పింది. మా ఇంటావిడ నాతో చెప్పింది. నేను ఇంకెవరితోనూ చెప్పలేదు. డెబ్బై రెండేళ్ళలో నేను విని కూడా చెప్పకుండా ఉన్న సంగతి అదొక్కటే. మిషను వస్తోందని తెలిసి, మొదటి పేరు దానిదే రాయించాను.

రిబ్బను తెగింది. మంత్రిగారు, ఆయన వెనక అధికారులు, వాళ్ళ వెనక కార్యకర్తలు భోజనానికి వెళ్ళిపోయారు. ఆసుపత్రిలో మిగిలింది మిషను నడిపే స్టెల్లా, మా సుబ్బులు, బెంచీ మీద నేను. తలుపు మూసినా మాటలు వినబడుతూనే ఉన్నాయి. సర్కారు తలుపు కదా.

"అక్కా, పలక సల్లగా ఉంటాది. రవ్వంత ఉండు, వేన్నీళ్ళ సంచి పెట్టి వెచ్చజేస్తా" అంది స్టెల్లా.

"ఏంది, దానికీ జొరమొచ్చిందా?"

"నీకు ఒళ్ళు జలదరించకుండా ఉండేదానికిలే. గడ్డ తగిలే సోట ఇదో, ఈ పూస అంటిస్తా. ఆవగింజంతే. బొమ్మలో సోటు తెలుస్తాది. ఇంగ నొక్కల్ల అక్కా. నొక్కితేనే పలచనైతాది. పలచనైతే కొంచెం కిరణమే సాలు, బొమ్మా తేటగా వస్తాది. ఈ మర నీ సేతికే ఇస్తాండా. నువ్వే తిప్పుకో. ఇంగ తాళలేననిపిస్తే ఆడ ఆపు."

"నా సేతికిస్తివా? పడుగు బిగువు సూసే సెయ్యి మే ఇది! ఎంత లాగితే దారం తెగదో నాకు తెలీదా?"

మర తిరిగిన చప్పుడు, ఆగి, ఇంకొంచెం తిరిగిన చప్పుడు.

"అబ్బో, సాలక్కా! నేను తిప్పినా అంత బిగించేదాన్ని కాదు" అని స్టెల్లా నవ్వింది.

సుబ్బులు చీర సర్దుకుంటూ బయటికి వచ్చింది. నొప్పి వేసిందా అని అడిగాను.

"వేసిందిన్నా. నేను పెట్టుకున్న నొప్పే గదా, సెప్పిన మాట వింటాది" అంది.

లోపల స్టెల్లా తెర మీద బొమ్మ చూస్తోంది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. "బొమ్మ శానా బాగా వచ్చిందక్కా. తిరుపతిలో పెద్ద డాక్టరు సూడల్ల. ఇప్పుడే పంపిస్తా. వారంలో రిపోర్టు వస్తాది. వారం దాటితే నన్నడుగు, మర్సిపోవద్దు" అంది. గుమ్మం దాకా వచ్చి ఆ ఆఖరి ముక్క మళ్ళీ అంది.

నాలుగు రోజులకు రివ్యూ మీటింగు పెట్టారు. మిషను బాధ్యత చూడటానికి ప్రత్యేకాధికారిగా పరాశర్ గారు వచ్చారు. ఆయన ప్రజ్ఞ గురించి చెప్పాలంటే ఈ పత్రిక చాలదు. ఏ కష్టాన్నయినా శాతాల్లోకి మార్చేస్తారు. శాతం అయ్యాక అది కష్టంగా కనిపించదు. తిరుపతికి పోవాల్సిన బొమ్మను మధ్యలోనే ఆపి, గోడ మీద పెద్దగా వేసి చూపించారు.

మంత్రిగారు కుర్చీలో ముందుకు వంగారు. "ఏమప్పా పరాశర్! ఇది మన మిషను తీసిందేనా?"

"మనదే సార్."

"నడిమధ్య తెల్లగా చందమామ మాదిరి ఉండాదే, అదేంది?"

"అది క్వాలిటీ సార్."

"పక్కన చిన్న చుక్క?"

"అది అదనపు క్వాలిటీ సార్."

మూల నిలబడ్డ స్టెల్లా ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, ఆ తెల్లగా ఉండేది గడ్డ. పక్కన ఉండేది నేను అంటించిన పూస. అది సుబ్బులమ్మ అనే ఆమె బొమ్మ. బిరీన డాక్టరు చూడల్ల."

"టెక్నికల్ విషయాలు చివర్లో చూద్దామమ్మా" అన్నారు పరాశర్ గారు. చివర్లో వందన సమర్పణ ఉంటుంది.

మంత్రిగారు మాత్రం గుణగ్రాహి. "ఇంత బాగా ఎట్ల తీసినావమ్మా? ఏ దేశపు టెక్నాలజీ?"

"వేన్నీళ్ళ సంచి సార్. పలక వెచ్చజేసినా. ఏం చేస్తానో ముందే చెప్పినా. నొక్కే మర ఆమె చేతికే ఇచ్చినా. అంతే సార్, ఇంకేమీ చేయలేదు."

పరాశర్ గారి ముఖం వాడిపోయింది. వేన్నీళ్ళ సంచికి టెండరు ఎలా పిలుస్తారు? అయినా ఆయన తేరుకుని, "నొక్కే మర అంటే?" అన్నారు.

"నొక్కితేనే సార్ బొమ్మ..."

"నొక్కేదా?" మంత్రిగారు లేచి నిలబడ్డారు. "నా నియోజకవర్గంలో ఆడబిడ్డల్ని నొక్కేదా? ఎలక్షన్ సంవత్సరంలోనా? నొప్పి ఉండదని మైకులో చెప్పినాను గదప్పా!"

"సార్, నొక్కకుంటే కిరణం ఎక్కువ పెట్టాలి" అంది స్టెల్లా.

"కిరణమే ఉండదని కూడా చెప్పినాను గదమ్మా!" అన్నారాయన జాలిగా. "మన పుత్తూరు కట్టు వైద్యుల్ని చూడు. తరతరాలుగా చేత్తో తడిమి ఎముక యాడ విరిగిందో చెప్తా ఉండారు. వాళ్ళకేమన్నా కిరణముండాదా? అది మన నేల మహత్యం. ఇట్లాంటి నేలలో నాటిన మిషనుకు మళ్ళీ కిరణమెందుకు?"

ఈ వాదనకు బలం కోసం కట్టు కట్టే పెద్దాయన ఒకరిని ముందే పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన చేతులు జోడించి లేచాడు. "అయ్యా, మేం ఎముకలకు కట్టు కట్టేవాళ్ళం. ఈ పని మాది కాదు. మేం గూడా ఇప్పుడు మొదలు ఎక్స్‌రే తీపిచ్చుకోని రమ్మనే చెప్తా ఉండాం."

"చూశారా వినయం!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. పెద్దాయన ఇంకేదో అనబోతే శాలువా కప్పేశారు.

ఆ రోజు మూడు తీర్మానాలు చేశారు. ఒకటి, పలకలు మనిషికి జానెడు దూరంలోనే ఆగాలి, వాటికి నగరి తువ్వాళ్ళు నాలుగు మడతలు చుట్టాలి. రెండు, కిరణాన్ని వారం వారం సగానికి తగ్గించి సున్నాకు తేవాలి. మూడు, బొమ్మ నాణ్యత ఎక్కడా తగ్గకూడదు కాబట్టి, అత్యుత్తమంగా వచ్చిన ఈ బొమ్మనే నమూనాగా తీసుకుని అందరికీ సమానంగా ఇవ్వాలి.

కింద నేను సంతకం పెట్టాను. అబద్ధమెందుకు, సంతకం ఆ రోజు ఎంత బాగా కుదిరిందంటే మంత్రిగారు కూడా మెచ్చుకున్నారు. మూడో తీర్మానంలో ఉన్నది మా సుబ్బులు బొమ్మ అని బయటికి వచ్చాక, బెంచీ మీద కూర్చున్నాక, నెమ్మదిగా తట్టింది.

నెల రోజుల్లో మా ఆసుపత్రి సాధించిన ప్రగతి ఇంకో దేశంలో అయితే వందేళ్ళు పట్టేది. మొదటి వారం కిరణం సగమైంది, బొమ్మ మసకేసింది. రెండో వారం పావు అయింది, బొమ్మలో పొగమంచు తప్ప ఏమీ లేదు. మూడో వారం పరాశర్ గారు స్వయంగా వచ్చి ప్లగ్గు పీకారు.

"కిరణం లేకుంటే బొమ్మ రాదు సార్" అంది స్టెల్లా.

"రాకపోతే ఇబ్బందేముందమ్మా? బొమ్మ ఉంది కదా!"

ఏమీ జరగకపోతే జనం నిరాశపడతారని ఒక ట్యూబ్‌లైటు, ఒక గంట పెట్టించారు. లోపలికి వెళ్ళిన ఆమె తువ్వాళ్ళ ముందు నిలబడుతుంది. లైటు వెలుగుతుంది. టింగుమని గంట మోగుతుంది. బయటికి రాగానే చేతిలో బొమ్మ. మంచి మెరుపు కాగితం, చుట్టూ బంగారు అంచు. కింద పేరు, వయసు ఉండాల్సిన చోట మంత్రిగారు చెయ్యెత్తి దీవిస్తున్న ఫొటో. మధ్యలో చందమామ, పక్కన చుక్క.

జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. సత్యవేడు నుంచి ఒకాయన భార్య పేరు రాయించి తానొక్కడే దిగాడు. "మా ఇంట్లోది నాట్లకు పోయింది సార్, దాని బదులు నేను నిలబడతా" అన్నాడు. నిలబడ్డాడు. టింగుమంది. ఆయనకూ చందమామ వచ్చింది. నమ్మకపోతే మానెయ్యండి, ఆ బొమ్మ ఇప్పటికీ వాళ్ళింట్లో పెళ్ళి ఫొటో పక్కన ఉంది. శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమ పెడతారు.

మూడు నెలలు తిరిగేసరికి సర్వే కూడా జరిగింది. "నొప్పి కలిగిందా?" అని అడిగితే, "ఏం నొప్పి నాయనా, ఏసీ గదిలో నిలబడినందుకా?" అన్నారు. నొప్పి నూటికి నూరు శాతం తగ్గింది. కిరణం నూటికి నూరు శాతం తగ్గింది. బొమ్మ నాణ్యతలో మా పదకొండు వందల నలభై ముగ్గురు ఆడవాళ్ళకూ ఆవగింజంత తేడా లేదు.

మా సుబ్బులు మాత్రం బొమ్మ తీసిన వారం దాటగానే స్టెల్లాను అడిగింది. స్టెల్లా పరాశర్ గారికి మూడు ఉత్తరాలు రాసింది. నాలుగోది రాయకముందే ఆమెను జనన మరణ ధ్రువపత్రాల కిటికీకి మార్చారు. అక్కడ రాతపని ఎక్కువ, ఆమె ఆసక్తికి తగిన చోటు. సర్వే అయిన వారమే సుబ్బులు ఒక పూట మగ్గం ఆపుకుని వచ్చి నేరుగా పరాశర్ గారి ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"సార్, నా రిపోర్టు ఏమైంది?"

ఆయన లేచి మరీ నమస్కారం చేశారు. "నువ్వేనా అమ్మా ఆ సుబ్బులమ్మవి? నీ బొమ్మ రిపోర్టుల స్థాయి దాటిపోయింది!"

"దాటి యాడికి పోయింది?"

"అవార్డుకు. రాష్ట్ర స్థాయిలో పోటీకి పంపించాం. పోటీలో ఉన్న బొమ్మను బయటి డాక్టర్లకు చూపించకూడదు, రూలు."

"అవార్డు వస్తే గడ్డ పోతాదా సార్?"

"మనందరికీ పేరొస్తుందమ్మా."

"నా పేరు కొట్టేసి మీ మంత్రి బొమ్మ ఏసినారు గద సార్, ఇంగ నాకేం పేరొస్తాది?"

"నిస్వార్థం అంటే అదే తల్లీ" అన్నారాయన గద్గదంగా.

"పోనీ, ఇంగోసారి తీయండి. ఆ పొద్దు మాదిరే. నేనే బిగించుకుంటా."

"దానికేం భాగ్యం!" అన్నారు. లోపలికి తీసుకుపోయారు. తువ్వాళ్ళు జానెడు దూరంలో ఆగాయి. టింగుమంది. సుబ్బులు బొమ్మను సుబ్బులుకే ఇచ్చి పంపించారు.

దాన్ని పట్టుకుని మేమిద్దరం తిరుపతిలో ఒక ఆసుపత్రికి పోయాం. టోకెను తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అక్కడి చిన్న డాక్టరు బొమ్మను చూసి కళ్ళద్దాలు తీసేశాడు. "పెద్దాయనా, ఈ వారంలో ఇది ఇరవయ్యోది. ముందు వచ్చిన పంతొమ్మిది మందికీ మళ్ళీ తీశాం. ఒక్కరికీ ఏమీ లేదు. దీన్ని ఇంట్లో గోడకు తగిలించుకోండి" అన్నాడు.

"వాళ్ళ మాట వదిలేయ్ సార్, నాది నిజంగా నాదే" అంది సుబ్బులు.

"వాళ్ళూ అదే అన్నారమ్మా" అని, వెనకున్న వాళ్ళను పిలిచాడు.

బస్సులో వస్తూ సుబ్బులు కిటికీ వైపే చూసింది. రేణిగుంట దాటాక, "అన్నా, అందురికీ నా గడ్డ ఇచ్చేసినారు. నాకు మాత్రం లేదంటా ఉండారు" అంది. నేను ఏదో తమాషా మాట చెప్పి నవ్వించాలని చూశాను. నాకు ఏదీ గుర్తు రాలేదు. ఇంటికి వచ్చాక మా ఇంటావిడ దాన్ని పక్కకు తీసుకుపోయి చూసి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. చింతగింజ ఉసిరికాయ అయిందట.

ఆ వారమే మంత్రిగారి భార్య కల్యాణవల్లమ్మ గారు బొమ్మ తీయించుకున్నారు. జనానికి ఆదర్శంగా ఉంటుందని మంత్రిగారే తీసుకొచ్చారు. ఆమె కోవెల కైంకర్యం చేసే ఇంటి బిడ్డ, నెమ్మదైన మనిషి. ఫొటోలు తీశారు, వీడియో తీశారు, టింగుమంది. ఆమె ఆ బొమ్మను పసుపు సంచిలో పెట్టుకుని, చెన్నైలో ఉన్న అక్క కూతురికి చూపిద్దామని వెళ్ళారు. ఆ అక్క కూతురు నారాయణి, ఇవే జబ్బులు చూసే డాక్టరు.

రెండు రోజులు మంత్రిగారి ఫోను పలకలేదు. మూడో రోజు ఆయన మా ఆసుపత్రిలో అత్యవసర సమావేశం పెట్టారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమప్పా పరాశర్, నా భార్యను చంపేస్తిరి కదప్పా!"

"సార్?"

"నారాయణి ఆ బొమ్మ చూసి, పిన్నీ, ఇంటికి పోవద్దు, ఈడనే చేరిపో అనింది. రెండు దినాలు! రెండు దినాలు ఆమె అన్నం ముట్టలేదు. వీలునామా గురించి మాట్లాడింది. నేను ఏడ్చినానప్పా, కెమెరా లేకుండా! మూడో దినం ఆడ మళ్ళీ తీసినారు. బాగా నొక్కి తీసినారంట. ఏమీ లేదు!"

"శుభం సార్" అన్నారు పరాశర్ గారు.

"ఏం శుభం! అప్పుడు నారాయణి, ఈ బొమ్మలో పూస అంటించి ఉండాది, పిన్నికి ఎవురూ పూస అంటించలేదంటుంది, మరి ఇది ఎవురిది అని అడిగింది. ఆమెను ఒక వారం కూడా ఆపొద్దు, వెంటనే పంపించండి అనింది. ఎవురిదప్పా ఇది?"

పరాశర్ గారు రిజిస్టరు తిరగేశారు. "రికార్డు ప్రకారం పదకొండు వందల నలభై నలుగురిది సార్. మేడమ్‌తో కలిపి."

నేను లేచాను. "మా చెల్లెలిది సార్. సుబ్బులమ్మ. మీరు రిబ్బను కత్తిరించిన పొద్దు తీసింది."

మంత్రిగారు నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత పెద్దమనిషి నా చేతులు పట్టుకోవడం నాకదే మొదటిసారి. ఇక మా సుబ్బులు బతికినట్టే అనుకున్నాను.

"ఆ మచ్చ ఒక్కటి నా కుటుంబాన్ని ఇంత ఏడిపించిందే, ఇంగ నా ఆడపడుచులు పదకొండు వందల మంది ఏమైపోతారు?" అన్నారాయన. "పరాశర్, బొమ్మలో ఆ మచ్చ తీసేయండి. చుక్క కూడా తీసేయండి. నాణ్యత ఇంకా పెరగల్ల. మచ్చ లేని బొమ్మ, మచ్చ లేని నియోజకవర్గం! మొదటి బొమ్మ ఈ పెద్దాయన చెల్లెలికే నా చేత్తో ఇస్తాను. సన్మానం చేస్తాను."

తీర్మానం రాశారు. సంతకానికి నా ముందు పెట్టారు. ఆ రోజు నా సంతకంలో సగం అక్షరాలు గీత దాటి పోయాయి. అయ్యవారు ఉంటే చెవి మెలిపెట్టేవాడు. సంతకం బాగా రాలేదని కాగితం వెనక్కి తోసేశాను. పరాశర్ గారు పరవాలేదని వేలిముద్ర వేయించుకున్నారు.

సన్మానం రోజు పొద్దున్నే మా ఇంటి ముందు మంత్రిగారి కారు ఆగింది. సన్మానానికి పిలుచుకుపోవడానికి వచ్చిందనుకుని కొత్త చీర కట్టుకోమని సుబ్బులుతో అన్నాను. కారులోంచి దిగింది కల్యాణవల్లమ్మ గారు. గుమ్మంలోనే నిలబడి అడిగారు.

"సుబ్బులమ్మ అంటే మీరేనా?"

"నేనేమ్మా."

"రెండు రోజులు అది నాదనుకున్నాను" అన్నారామె. సుబ్బులు చేతిలోని కొత్త చీర తీసుకుని పక్కన పెట్టారు. "చీర మార్చొద్దు. ఉన్నపళంగా రండి. నారాయణి ఎదురు చూస్తోంది" అన్నారు.

కారు చెన్నై రోడ్డు పట్టింది. ముందు సీట్లో స్టెల్లా కూర్చుంది. ధ్రువపత్రాల కిటికీకి ఆ రోజు ఒంట్లో బాగాలేదని కాగితం అంటించి వచ్చిందట. నన్ను సభకు వెళ్ళమన్నారు. ఎవరో ఒకరు కుర్చీలో ఉండకపోతే వెతుకుతారు కదా.

మంత్రిగారి కారు కనబడక ఆయన ఆటోలో వచ్చారు. ప్రజల మనిషి అని జనం ఈలలు వేశారు. షామియానా కింద ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. కొందరు పాత బొమ్మలు వెంట తెచ్చుకున్నారు, కొత్తదానికి మార్చి ఇస్తారని. వేదిక మీద పట్టుగుడ్డ కప్పిన పెద్ద ఫ్రేము.

"సుబ్బులమ్మ గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అన్నారు పరాశర్ గారు మైకులో. మూడుసార్లు ఆహ్వానించారు. మూడోసారికి నేనే ఎక్కాను.

"ఆమె యాడప్పా?" అన్నారు మంత్రిగారు చెవిలో.

"పని మీద పోయింది సార్. నాకిచ్చినా ఆమెకిచ్చినట్టే. మన బొమ్మ ఎవురికిచ్చినా ఒకటే గద సార్."

ఆయనకు ఆ మాట నచ్చింది. పట్టుగుడ్డ తీశారు. చందమామ లేదు, చుక్క లేదు. నున్నగా, తెల్లగా, గోడకు సున్నం కొట్టినట్టుంది. కింద మంత్రిగారు దీవిస్తున్నారు.

"నొప్పి ఉండాదా?" అని అడిగారు మంత్రిగారు.

"లేదూ!"

"కిరణం ఉండాదా?"

"లేదూ!"

"మచ్చ ఉండాదా?"

"లేదూ!"

ఫ్రేము నా చేతికిచ్చి, రెండు మాటలు మాట్లాడమని నన్ను మైకు ముందుకు తోశారు. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో జేబులో ఫోను మోగింది. నా ఫోను ఎత్తితే ఊరంతటికీ వినబడేటట్టు పెద్దగానే మాట్లాడుతుంది, తగ్గించేది నాకు తెలియదు. మైకు దగ్గర్నుంచి పక్కకు జరగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. వయసు మీద పడింది కదా.

"సుబ్బులమ్మ గారి అన్నయ్యగారా? నేను డాక్టర్ నారాయణిని" అంది ఫోను. షామియానా నాలుగు మూలల ఉన్న స్పీకర్లూ అదే అన్నాయి. "చెల్లెమ్మ గారిని చూశానండీ. గడ్డ బాగా పెరిగింది. రేపే ఆపరేషన్. తర్వాత సంగతి తర్వాత, మేం చేయగలిగిందంతా చేస్తాం. ఆవిడ ధైర్యంగా ఉన్నారు, ఇక్కడ కూడా మర నా చేతికే ఇవ్వండి అన్నారు."

జనం చెవులు రిక్కించి వింటున్నారు. మంత్రిగారు ఇది కార్యక్రమంలో భాగమే అనుకుని తల ఊపుతున్నారు.

"నాకు ఒక్కటే అర్థం కావట్లేదు" అంది ఆ గొంతు. "నాలుగు నెలల కిందటే బొమ్మలో ఇంత స్పష్టంగా కనిపిస్తోంది కదా. ఇన్నాళ్ళూ ఆ బొమ్మను మీ ఊళ్ళో ఒక్కరు కూడా చూడలేదా?"

ప్రశ్న చివర స్వరం పైకి లేచింది.

"చూసినాం!" అన్నారు పదకొండు వందల మందీ ఒక్క గొంతుతో.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు.